మేతవేళ బెల్లు

ఫింటన్ క్వర్క్ పదిహేనో ఏట ఐర్లండ్‌లో మా పందెపు గుర్రాల యార్డుకు వచ్చాడు, జాకీ కావాలని. పద్దెనిమిది నిండేసరికి ఆరడుగులకు రెండంగుళాల తక్కువలో నిలబడ్డాడు. జాకీ కావలసినవాడు అంత పెరిగాక చేసేదేముంది, గుర్రాలను తోముతూ ఉండిపోయాడు. ముప్పై దాటాక ఒక గుర్రం కింద పడి నడుం పాడుచేసుకుని, సాధనకి ఎక్కడం కూడా మానేశాడు. కహిర్‌లో బ్రీడ్ అనే అమ్మాయితో తొమ్మిదేళ్ళు నిశ్చితార్థంలోనే గడిపాడు. పదో ఏడు ఆమె విసిగిపోయి ఊరి పోస్టుమ్యాన్‌ని చేసుకుంది. "ఆయనైతే కనీసం రోజూ గుమ్మం దాకా వస్తాడు" అందట. ఈ మాట ఫింటనే అందరికీ చెప్పి నవ్వేవాడు. నవ్వాక బకెట్ పట్టుకుని కొట్టాల వైపు పోయేవాడు.

అలాంటి మనిషికి దిన్నీ దొరికింది. కాగితాల మీద ఆ మగ గుర్రం పేరు కిల్‌బారన్ లైట్. కాగితాల మీది పేరుతో గుర్రాన్ని పిలిచేవాడు మా టిప్పరరీలో ఎవడూ ఉండడు. పుట్టిన రోజే తల్లి పోవడంతో సీసా పాలతో పెరిగిన పిల్ల అది. ఏడాది వయసులో యార్డుకు వచ్చినప్పుడు ముఖం దగ్గరికి చెయ్యి పోనిచ్చేది కాదు. వాన చుక్క పడినా తల విదిలించి వెనక్కి తిరిగేది. ఇద్దరు పనివాళ్ళు కాట్లు తిని, మా వల్ల కాదని దండం పెట్టేశారు.

ఫింటన్ తొందరపడలేదు. దాని కొట్టంలో బకెట్ బోర్లించుకుని, దానికి వీపు పెట్టి కూర్చుని, పేపర్లో పందేల పేజీ పైకి చదివేవాడు. నాలుగు నెలలు రోజూ అదే పని. ఒకరోజు చదువుతూ ఉండగా దిన్నీ గడ్డం వచ్చి అతని భుజం మీద ఆనింది. పేజీ తిప్పితే ఎక్కడ తీసేస్తుందోనని చదివిందే మళ్ళీ చదువుతూ అలాగే కూర్చున్నాడు ఫింటన్. అది మొదలు దాని చెవులు, కళ్ళు, నోరు అతనివే.

నాలుగో ఏడు జూన్‌లో దిన్నీ కర్రా మైదానంలో పెద్ద పందెం గెలిచింది. పచ్చిక మీద, పదిమంది చూస్తుండగా కాదు, దేశమంతా చూస్తుండగా. మరో యజమాని అయితే ఇక చాలని పండగ చేసుకునేవాడు. దిన్నీ ఒక స్టడ్ ఫారం సొత్తు, గెలిచిన మగ గుర్రాలను ఆడగుర్రాలకు జతకట్టించి డబ్బు చేసుకునే చోటు. అక్కడి వ్యవహారాలన్నీ చూసేది ప్రెండవిల్ గారు. ఆయన లెక్కే వేరు. పచ్చిక మీద గెలిచి వచ్చిన మగ గుర్రాలు ఆయన కొట్టాల్లో వరసగా ఉన్నాయి, అందులో రెండు దిన్నీ తండ్రికి పుట్టినవే. ఇంకొకటి చేరితే ఎవరికి కావాలి? అదే అమెరికాలో మట్టి ట్రాక్ మీద పెద్ద పందెంలో నిలబడిందంటే, అక్కడివాళ్ళు తమ ఆడగుర్రాలను దాటించడానికి క్యూ కడతారు.

ఆగస్టులో ప్రెండవిల్ యార్డుకు వచ్చి, మా బాస్ మాలకీ డెవేన్‌తో దిన్నీ కొట్టం ముందు నిలబడి ఈ సంగతి చెప్పాడు. గుర్రాలకు తర్ఫీదు ఇవ్వడంలో బాస్‌ని మించినవాడు మా చుట్టుపక్కల లేడు గానీ, ప్రెండవిల్ ముందు ఆయనా చేతులు కట్టుకునేవాడే.

లోపల గిట్టలు శుభ్రం చేస్తున్న ఫింటన్ ఉండబట్టలేక తల బయటపెట్టాడు. "బాస్, వీడికి మొహం మీద వాన చుక్క పడితేనే పడదు. మట్టి ట్రాకంటే ముందున్న గుర్రాలు ఎగజిమ్మే మట్టంతా మొహానే గదా!"

ప్రెండవిల్ నవ్వాడు. "అయితే వీణ్ణే ముందుండమను. ముందున్నోడి మొహాన మట్టి కొట్టేదెవరు?"

ముందుండాలంటే పందెం మొదలయ్యే చోట గేటు తెరుచుకున్న క్షణాన దూకాలి. మా పచ్చిక పందేల్లో ఆ తొందర లేదు. అర మైలు దాకా ఊసులాడుకుంటున్నట్టే పోతాయి గుర్రాలు. పైగా అమెరికా గేట్లలో తలుపులు తెరుచుకునేటప్పుడు చెవులు చిల్లులు పడేలా బెల్లు మోగుతుంది. మా గేట్లలో ఆ బెల్లు లేదు. బాస్ అలాంటి బెల్లే ఒకటి తెప్పించి, బ్యాటరీ పెట్టి, చెక్క డబ్బాలో బిగించి, మీట అమర్చాడు. మొదటిరోజు గేట్లో నిలబెట్టి మోగించగానే దిన్నీ వెనక్కి కూలబడి, ఇనుప కమ్మీకి తల కొట్టుకుంది. నెత్తురు కళ్ళలోకి కారింది.

బాస్ ఆ డబ్బా తెచ్చి ఫింటన్ చేతిలో పెట్టాడు. "నీ మాటే వింటాడు గదా వాడు. బెల్లు భయం పోగొట్టు. ఎలా పోగొడతావో నీ ఇష్టం."

ఫింటన్‌కు తెలిసిన దారి ఒక్కటే. గుర్రం భయం దాని కడుపులోంచే పోవాలి. పొద్దున ఐదున్నరకీ, సాయంత్రం ఐదుకీ ఓట్స్, తవుడు కలిపిన బకెట్ పట్టుకుని కొట్టంలోకి వెళ్ళేవాడు. కుడివైపు గోడకున్న తొట్టి పక్కన నిలబడి మీట నొక్కేవాడు. బెల్లు ఆగగానే తొట్టిలో మేత పోసేవాడు. మూడు రోజులు దిన్నీ ఎడమ మూలకు నక్కింది. నాలుగో రోజు చెవులు నిక్కబొడిచింది. వారం తిరిగేసరికి బెల్లు మోగడమే ఆలస్యం, తల కుడివైపు తిప్పి, గొంతులోనే గురగురమంటూ తొట్టి కోసం మూతి చాచేది.

సాధనకి దిన్నీని ఎక్కే ఈటా స్కల్లీ ఇదంతా చూసి పొట్టచెక్కలయ్యేలా నవ్వేది. నోటికి తాళం లేని పిల్ల. "ఏం ఫాదర్ క్వర్క్, పూజ మొదలెట్టావా? బెల్లు కొట్టావుగా, మేం కూడా మోకాళ్ళ మీద కూర్చోవాలా?"

"నువ్వు కూర్చున్నా నీ పాపాలు పోవులే పిల్లా, తప్పుకో" అనేవాడు ఫింటన్.

సెప్టెంబర్లో మళ్ళీ గేట్లో పెట్టి బెల్లు మోగిస్తే దిన్నీ చెక్కుచెదరలేదు. బాస్ ఫింటన్ భుజం తట్టాడు. బయటికి రావడంలో ఒక అడుగు ఆలస్యమైంది గానీ, అది ఎప్పుడూ నిదానంగా కదిలే గుర్రమే గదా అనుకున్నారు. మా అందరికీ కళ్ళున్నాయి. రోజుకు రెండుసార్లు ఆ బెల్లు విని నవ్వినవాళ్ళమే. ఒక్కరికీ తట్టలేదు.

నవంబర్ మొదటివారంలో దిన్నీని తీసుకుని, పందెం జరిగే అమెరికాలోని కెంటకీ చేరారు. పరాయి దేశపు గుర్రాలు కనుక మొదట రెండు రోజులు విడిగా ఒక కొట్టంలో పెట్టి, నెత్తురు తీసి పరీక్షించి గానీ బయటికి వదలలేదు. కంచె, గేటు, గేటు దగ్గర తుపాకీ పెట్టుకున్న కాపలావాడు. ఫింటన్ లోపలికి పోవాలంటే తెల్లటి ప్లాస్టిక్ బట్టలు తొడుక్కోవాలి, బయటికి రావాలంటే విప్పి చెత్తలో వేయాలి. "పందేనికొచ్చామా, జైలుకొచ్చామా?" అన్నాడు ఈటాతో. ఇంటినుంచి తెచ్చుకున్న టీ పొడితో టీ కాచుకుని, అక్కడి నీళ్ళకు రుచి లేదని తిట్టుకుని, అయినా తాగాడు. మేతవేళకు మాత్రం బెల్లు తప్పలేదు. కాపలావాడు మొదటిసారి అదిరిపడి లేచి నిలబడ్డాడు.

పందెం శనివారం. గురువారం పొద్దున గేటు అలవాటు చేయడానికి దిన్నీని ట్రాక్ మీదికి తీసుకెళ్ళారు. ఈటా పైన ఉంది. తలుపులు మూశారు. బెల్లు మోగింది, తలుపులు తెరుచుకున్నాయి. పక్క గుర్రాలు రెండూ తారాజువ్వల్లా దూసుకుపోయాయి. దిన్నీ తల కుడివైపు తిప్పింది. గొంతులో గురగురమంది. లేని తొట్టి కోసం మూతి చాచింది. గేటు మనిషి వెనకనుంచి పిర్ర మీద చరిస్తే అప్పుడు కదిలింది.

"చూశారా, ఎంత నిబ్బరంగా ఉన్నాడో!" అన్నాడు బాస్ దూరంనుంచి.

ఫింటన్ తొట్టి లేని ఆ కుడివైపుకేసి చూశాడు. కంచె పట్టుకుని నిలబడ్డాడు. మూడు నెలలుగా రోజుకు రెండుసార్లు తన చేతులతో తను నేర్పిందేమిటో అప్పుడు తెలిసింది. బెల్లు మోగితే ఆగమని నేర్పాడు. ఆగితే వెనకబడుతుంది. వెనకబడితే పదకొండు గుర్రాలు ఎగజిమ్మే మట్టి దాని ముఖాన పడుతుంది, వాన చుక్క పడితేనే ఓర్చుకోలేని ఆ ముఖాన.

కొట్టానికి వచ్చాక ఈటా దిగి, జీను విప్పుతూ గొంతు తగ్గించింది. మొదటిసారి ఆ పిల్ల ముఖంలో నవ్వు లేదు. "వాడు మేత కోసం చూశాడు పెద్దాయనా."

"చూశాను."

"చెవుల్లో దూది పెడితే సరి. బెల్లు వినబడదు, తలుపు కదిలితే దూకుతాడు. కానీ దూది సంగతి పందెం అధికారులకు ముందే రాసివ్వాలి, రేపు పొద్దుటితో ఆఖరు. వెళ్ళి బాస్‌కి చెప్పు. నేను చెప్తే నీ మీద చాడీలు చెప్పినట్టుంటుంది."

"చెప్తాను" అన్నాడు. చెప్పాలనే వెళ్ళాడు కూడా. ముప్పైతొమ్మిదేళ్ళ కొలువులో తను చేసిన తప్పు తన నోటితో ఒప్పుకోవాల్సి రావడం అదే మొదలు. దారిలో రెండుసార్లు ఆగి టోపీ సర్దుకున్నాడు.

ఆఫీసు గదిలో బాస్‌తోపాటు ప్రెండవిల్ కూడా ఉన్నాడు. "రా ఫింటన్, నీ గురించే అనుకుంటున్నాం" అన్నాడు ప్రెండవిల్ హుషారుగా. "ఈసారి నీకు తిరుగు ప్రయాణంలో పెద్ద పనుండదు. శనివారం వాడు బాగా పరిగెత్తాడా, ఆదివారమే ఇక్కడి మన ఫారానికి పోతాడు. కొట్టం కడిగించి, తలుపు మీద పేరు కూడా రాయించేశాను. ఇక ఐర్లండ్ మొహం చూడక్కర్లేదు."

"బాగా పరిగెత్తకపోతే?"

"తేలిపోతే ఇంకేముంది, నీతోపాటే ఇంటికి. వచ్చే ఏడాది మళ్ళీ పచ్చిక మీద."

ఇంటికి, అనుకున్నాడు ఫింటన్. ఇంకో ఏడాది. బకెట్, పేపర్, భుజం మీద ఆ గడ్డం.

"ఏదో చెప్పడానికొచ్చినట్టున్నావ్?" అడిగాడు బాస్.

"ఏంలేదు బాస్. బానే ఉన్నాడు. మేత ఊడ్చేశాడు."

మా యార్డులో అదే మాట. గుర్రానికి కాలు విరిగినా ముందు "బానే ఉన్నాడు" అనే అంటాం, తర్వాతే మిగతాది. ఆ పూట ఫింటన్ మిగతాది చెప్పలేదు. భయపడ్డాడా, ఆశపడ్డాడా అంటే రెండూ. ఏది ఎంతో అతనికే తెలియదు. గది బయటికి వచ్చాక, ఇప్పుడే వెనక్కి పోయి చెప్పేద్దామని తలుపు దాకా వెళ్ళాడు. లోపల ఇద్దరూ నవ్వుకుంటున్నారు. తిరిగి వచ్చేశాడు.

శుక్రవారం పొద్దున ఈటా అడిగింది. "చెప్పావా?"

"చెప్పాను."

ఒక అబద్ధం ఆడాక రెండోదాన్ని అది వెతుక్కుంటూ వస్తుంది గదా. శనివారం దిన్నీని పందేనికి నడిపించుకు వెళ్తుంటే ఈటా పక్కకొచ్చి చెవులకేసి చూసింది. "దూదేది?"

"బాస్ వద్దన్నాడు."

దూది అతని కోటు జేబులోనే ఉంది. గురువారం సాయంత్రమే రెండు ఉండలు చేసి పెట్టుకున్నాడు. రాసివ్వని దూది ఇక ఎందుకూ పనికిరాదు. చేత్తో దాన్ని నలుపుతూనే, రెండో చేత్తో పగ్గం పట్టుకుని, లక్షమంది జనం మధ్య దిన్నీని తిప్పాడు. అది మధ్యమధ్య మూతితో అతని మోచేతిని పొడుస్తూ నడిచింది. జాకీ ఎక్కాడు. ఫింటన్ పగ్గం పట్టుకునే ఉంటే, జాకీయే వంగి విప్పుకున్నాడు.

బెల్లు అంత దూరానికి కూడా వినిపించింది. పన్నెండింటిలో పదకొండు వచ్చాయి. కాసేపటికి పన్నెండోది వచ్చింది. మొదటి మలుపులో గోధుమరంగు మట్టి మబ్బులా లేచి, దిన్నీ అందులోకి పోయింది. ట్రాక్ అవతలి వైపుకు పోయాక తెర మీద చూస్తే తల పైకెత్తి, పక్కకు తిప్పుకుంటూ, తప్పించుకునే దారి లేక పరిగెత్తుతోంది. "ఆపేయ్. ఆపేయ్, నిన్నెవరేమంటారు" అంటున్నాడు ఫింటన్. అది ఆపలేదు. ఎదురుగా మట్టి పడుతుంటే వెనక్కి తిరిగే గుర్రం, ఆవేళ ఎందుకో తిరగలేదు. చివరి మలుపులో జాకీ బయటి అంచుకు లాగాడు. అక్కడ మట్టి పడదు. అక్కణ్ణుంచి దిన్నీ ఒక్కొక్క గుర్రాన్నే దాటుకుంటూ వచ్చి, గుర్రం మెడంత తేడాతో రెండోదిగా ముగించింది.

తిరిగి వచ్చిన దిన్నీని ఫింటన్ ఒక క్షణం పోల్చుకోలేకపోయాడు. ముఖమంతా మట్టి ముద్ద. కుడి కన్ను ఎర్రగా ఉంది. ఎడమ కన్ను మూసుకుపోయింది. స్పాంజితో కడుగుతుంటే అది తల విదిలించలేదు, కరవలేదు. నిలబడి వణికింది. అలా వణకడం కంటే కరిస్తే బాగుండుననిపించింది ఫింటన్‌కు.

డాక్టర్ చూసి, రాయి ముక్క ఎడమ కంటిపాపను చీరిందని, చూపు దక్కుతుందని చెప్పలేనని కట్టు కట్టాడు. ప్రెండవిల్ ఫోను చెవికి పెట్టుకునే కొట్టంలోకి వచ్చాడు. "గేట్లో ఎనిమిది గుర్రాల దూరం పోగొట్టుకుని, సగం కెంటకీని మింగి, మెడ తేడా! గెలిస్తే కూడా ఇన్ని ఫోన్లు వచ్చేవి కావు. అంత గుండె ఉన్న గుర్రానికి పుట్టే పిల్లలు కావాలట అందరికీ." డాక్టర్‌ని చూసి ఫోను పక్కకు పెట్టాడు. "కన్నా? పోతే పోయింది. ఆ పనికి కళ్ళెందుకు?"

ఫింటన్ చేతిలో స్పాంజిలోంచి నీళ్ళు కారుతున్నాయి. నోరు మూసుకున్నందుకు దిన్నీ ఇంటికి రానూ రాదు, కన్నూ మిగల్లేదు. ఆ రెండూ తను చేసినవే. ఎవరికి చెప్పి ఏడవాలో తోచలేదు.

సోమవారం బాస్, ప్రెండవిల్, ఫింటన్ కలిసి దిన్నీని చూడటానికి ఫారానికి వెళ్ళారు. ఆదివారమే దాన్ని అక్కడికి చేర్చారు. మగ గుర్రాల బాధ్యత రేఫర్డ్ అనే పెద్దమనిషిది. అరవై దాటినవాడు, మాట మెత్తన. కొట్టం తలుపు మీద ఇత్తడి పలక, పలక మీద కాగితాల పేరు. లోపల దిన్నీ ఎడమ మూలకు నక్కి, గోడకు నుదురు ఆనించి నిలబడి ఉంది. ఎడమ కంటికి కట్టు. తొట్టి నిండుగా ఉంది.

"నిన్న సాయంత్రం నుంచి గింజ ముట్టలేదయ్యా" అన్నాడు రేఫర్డ్. "ఎటునుంచి వెళ్ళినా ఉలిక్కిపడుతున్నాడు. నువ్వే పెంచావంట గదా. వీడికేదైనా అలవాటుందా? ఏదైనా సరే, చెప్పు. ఇలాగే ఉంటే కడుపునొప్పి పట్టుకుంటుంది."

ఫింటన్ చేతిసంచీలో చెక్క డబ్బా ఉంది. బాస్ పక్కనే నిలబడి ఉన్నాడు. మీట నొక్కితే ఏమవుతుందో తెలుసు. నొక్కకపోయినా ఏమవుతుందో తెలుసు. దిన్నీ పక్కటెముకలకేసి చూశాడు. ఒక్క రోజుకే లోపలికి పోయాయి. డబ్బా తీసి, కొట్టంలోకి వెళ్ళి నొక్కాడు.

దిన్నీ గోడనుంచి నుదురు తీసింది. తల కుడివైపు తిప్పింది. గొంతులో గురగురమంది. తొట్టి కోసం మూతి చాచి, రెండడుగులు వేసి, అందులో మూతి పెట్టి నమలడం మొదలుపెట్టింది.

"భలే!" అన్నాడు ప్రెండవిల్, మళ్ళీ ఫోను మోగితే వసారాలోకి పోయాడు.

బాస్ అనలేదు. శనివారం నుంచి ఆ గేటు ఫిల్ము పాతికసార్లు చూశాడాయన. తల కుడివైపు అలా ఎందుకు తిప్పిందో తెలియక బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. గుర్రంకేసి చూశాడు, డబ్బాకేసి చూశాడు. మనిషి ముఖం పాలిపోయింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"గురువారం బాస్."

"గదిలోకి వచ్చావు. అడిగాను."

"అడిగారు."

"ఎందుకు చెప్పలేదురా?"

ముప్పైతొమ్మిదేళ్ళలో బాస్ అతన్ని రా అనడం అదే మొదటిసారి. "ఇంటికొస్తాడనుకున్నాను" అన్నాడు ఫింటన్. బాస్ తిట్టలేదు, కొట్టలేదు, పనిలోంచి తీసేస్తాననలేదు. "కార్లో ఉంటా" అని వెళ్ళిపోయాడు. ఆ తిట్లేవో తిట్టి ఉంటే బాగుండేదని ఫింటన్ ఇప్పటికీ అంటాడు.

ఫింటన్ రేఫర్డ్‌కి డబ్బా ఇచ్చాడు. "పొద్దున ఐదున్నర, సాయంత్రం ఐదు. తొట్టి పక్కనే నిలబడి నొక్కు. మొహం కడిగేటప్పుడు ముందు భుజం మీద చెయ్యి వెయ్యి. పేరు దిన్నీ. ఆ పలక మీది పేరుకి పలకడు."

"నా చేత్తో కూడా ఒకసారి చూస్తాను, నువ్వున్నప్పుడే" అన్నాడు రేఫర్డ్. తొట్టి పక్కకు వెళ్ళి నిలబడి, మీట నొక్కి, ఇంకో గుప్పెడు ఓట్స్ పోశాడు. దిన్నీ తల ఎత్తి కుడివైపుకు తిప్పింది. రేఫర్డ్ కోటును వాసన చూసి, అతని చేతిని మూతితో పొడిచింది.

ఫింటన్ చోటు ఇవ్వడానికి ఎడమవైపుకు జరిగి ఉన్నాడు, కట్టు ఉన్న వైపుకు. అక్కణ్ణుంచి దానికి కనిపించడు. తాకితే ఉలిక్కిపడి మేత వదిలేస్తుందేమోనని చెయ్యి చాపలేదు. "దిన్నీ" అన్నాడు మెల్లగా. ఎడమ చెవి ఒక్కసారి అతనివైపు తిరిగింది. అంతలోనే రేఫర్డ్ బకెట్ చప్పుడైంది, ఆ చెవీ అటు తిరిగిపోయింది. తప్పు పట్టడానికేం లేదు, నేర్పింది తనే.